పటం మీద నీలం గీత



సర్వే పనికి అడవుల్లోకి వెళ్లబోయే మన బడి పిల్లలకు నాలుగు జాగ్రత్తలు చెప్పమన్నారు. కాంటూరు అంటే ఏమిటో నాకు తెలిసింది ఇక్కడే. మా సోషల్ మాస్టారు సగం కోసిన బంగాళాదుంపను గిన్నెలో బోర్లించి, నీళ్లు కొంచెం కొంచెం పోస్తూ, ఆ అంచు వెంట మేకుతో గీయించారు. చివరికి ఆ దుంప మేమే ఉడకబెట్టుకుని తిన్నాం.

ఉద్యోగంలో చేరిన కొత్తలో పాడేరు వైపు ఒక రోడ్డు సర్వేకి వెళ్లాను. ఆగస్టు నెల. పొద్దున మోకాలి లోతున దాటిన గెడ్డనే సాయంత్రం తిరిగి దాటాలి. మాకు దారి చూపే గిరిజన పెద్దాయన ఒడ్డున ఆగిపోయాడు. "బాబూ, నీళ్లు ఎర్రబడ్డాయి, ఆకులు కొట్టుకొస్తున్నాయి. పైన వాన పడింది. ఆగుదాం" అన్నాడు. మా దగ్గర చినుకు కూడా లేదు. చీకటి పడుతుందని నేనే తొందరపెట్టాను. మధ్యలో మా చైన్‌మన్ కాలు జారింది. ఆ పెద్దాయనే దూకి, అవతల చెట్టు వేరు దగ్గర అతన్ని పట్టుకున్నాడు. లెవలింగ్ స్టాఫ్ పోయింది. స్టాఫ్ పోయిందనే రిపోర్టులో రాశాను. మిగతాది రాయలేదు. ఇన్నేళ్ల తర్వాత ఇక్కడ చెబుతున్నాను.

1:50,000 టోపోషీటులో ఆ గెడ్డ సన్నటి నీలం గీత, అంతే. రెండు సెంటీమీటర్లు కిలోమీటరు. కాంటూర్ల మధ్య సాధారణంగా 20 మీటర్లు కనుక, 15 మీటర్ల లోయ ఉన్నా పటంలో కనిపించకపోవచ్చు.

అందుకని బయలుదేరే ముందు ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో, రాకపోతే ఎవరికి కబురు చేయాలో కాగితం మీద రాసి క్యాంపులో ఒకరికి ఇవ్వండి. వెనక్కి తిరిగే వేళ ముందే పెట్టుకోండి, పని సగంలో ఉన్నా సరే తిరగండి. సిగ్నల్ లేకపోయినా ఫోన్లో జీపీఎస్ పనిచేస్తుంది, పటం ముందుగా దించుకుంటే చాలు. టవర్ కోసం వెతుక్కుంటూ బ్యాటరీ తినేస్తుంది కనుక ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. మన దేశంలో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోను వాడటం నేరం, విదేశాల నుంచి తెచ్చుకునేవాళ్లు గుర్తుంచుకోండి. ఉరిమితే గట్టు మీద పోల్ పట్టుకుని నిలబడకండి.

ఊళ్లో ముందు పెద్దలతో మాట్లాడండి. రాయి పాతితే భూమి పోతుందని వాళ్ల భయం. అది ఉత్త భయమని నేను అనలేను.

దోమతెర మరవకండి. ఎవరెస్టు శిఖరానికి ఎవరి పేరు పెట్టారో ఆ జార్జి ఎవరెస్టు అంతటివాడే 1820లో మన కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో జ్వరాన పడి, కోలుకోవడానికి దక్షిణాఫ్రికా వెళ్లాల్సి వచ్చింది. ఇంటికొచ్చిన కొన్ని వారాల తర్వాత జ్వరం వచ్చినా ఏజెన్సీకి వెళ్లొచ్చానని డాక్టరుకి చెప్పండి.

ఆ టోపోషీటు ఇంకా నా దగ్గరే ఉంది, ఇవాళ తెచ్చాను. భోజనాలయ్యాక ఎనిమిదో తరగతి గదిలో పరుస్తాను, చూడాలనుకున్నవాళ్లు రండి.