ఇంటి మొత్తానికి ఒకే పరిమితి

అమెరికాలో స్థిరపడి, రిటైర్మెంటుకు దగ్గరవుతున్న మనవాళ్లు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఇది. అక్కడి సోషల్ సెక్యూరిటీలో రిటైరైన వ్యక్తితో పాటు జీవిత భాగస్వామికీ, 22 ఏళ్లు నిండకముందే వైకల్యం మొదలైన, పెళ్లికాని బిడ్డకు పెద్దయ్యాక కూడా, ఆ వ్యక్తి పూర్తి పింఛనులో సగం దాకా ఇస్తారు. కానీ ఇంటి మొత్తానికి ఒక పరిమితి ఉంది. అది ఆ పూర్తి పింఛనులో సుమారు 150 నుంచి 188 శాతం.

తండ్రి పింఛను 2,000 డాలర్లు, పరిమితి 3,600 అనుకుందాం. భార్యకు వెయ్యి, బిడ్డకు వెయ్యి రావాలి. మిగిలింది 1,600 కనుక చెరో 800 వస్తుంది. తండ్రి వాటా తగ్గదు, కోత పడేది ఆధారపడినవాళ్లకే. సొంత సంపాదన లేని బిడ్డకు ఆ 200 చిన్న మొత్తం కాదు. నాకిది కఠినంగానే తోస్తుంది.

అయితే, భార్యకు సొంత సోషల్ సెక్యూరిటీ పింఛను ఉంటే, భర్త ఖాతా నుంచి ఆమెకు నిజంగా చెల్లించే సొమ్మునే లెక్కలోకి తీసుకుంటారు. అక్కడినుంచి ఆమెకేమీ రాకపోతే బిడ్డకు పూర్తి వెయ్యీ దక్కుతుంది. విడాకులు పొందిన మాజీ భార్య వాటా కూడా ఈ పరిమితిలోకి రాదు.

మీ బిడ్డ పింఛను లెక్క చేతికి రాగానే, తల్లి సొంత పింఛనును అందులో చూశారో లేదో అడగండి.