కోలారు గనిలో ఏకసూత్రాన్వేషణ

(అమరాపురంలో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కోలారు బంగారు గనుల పేరు మన వైపు వినని వారుండరు. అది కర్ణాటకే అయినా అక్కడ తెలుగు మాట బాగానే వినిపిస్తుంది. ఆ గనుల్లో బంగారమే కాదు, ప్రకృతి రహస్యం ఒకటి కూడా వెతికారు. దాని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ప్రకృతిలో నాలుగు బలాలున్నాయి. గురుత్వాకర్షణ, విద్యుదయస్కాంత బలం, పరమాణు కేంద్రకాన్ని పట్టి ఉంచే ప్రబల బలం, కొన్ని రకాల రేడియోధార్మికతకు కారణమైన దుర్బల బలం. వీటన్నిటికీ మూలం ఒక్కటేనా? ఈ ప్రశ్న కోసం ఐన్‌స్టీన్ తన చివరి ముప్పై ఏళ్లు శ్రమించి, జవాబు దొరకకుండానే 1955లో కన్నుమూశారు. తరువాత విద్యుదయస్కాంత, దుర్బల బలాలను ఒకే సూత్రంలో ఇమిడ్చినందుకు గ్లాషో, సలాం, వైన్‌బర్గ్‌లకు 1979లో నోబెల్ బహుమతి లభించింది.

ప్రబల బలాన్నీ ఇందులో కలిపితే ఏమవుతుంది? ఒడిశాలో పుట్టిన జోగేష్ పతి, అబ్దుస్ సలాం 1973లోనే ఒక సాహసమైన మాట అన్నారు. శాశ్వతమనుకున్న ప్రోటాన్ కూడా ఏనాటికో నశించవచ్చునని. మరుసటి ఏడాది జార్జి, గ్లాషోలు ఇచ్చిన సిద్ధాంతం ప్రకారం లెక్కవేస్తే దాని ఆయుస్సు సుమారు 1 పక్కన 30, 31 సున్నాలన్ని సంవత్సరాలు!

అంతకాలం ఎవరు కాచుకుంటారు? అక్కరలేదు. నూరేళ్లు బతికే మనిషి మరణం నమోదు చేయడానికి నూరేళ్లు కూర్చోము గదా. పెద్ద ఊరి లెక్క ఒక్క ఏడాది చూస్తే చాలు. అలాగే 140 టన్నుల పరికరంలో ఉన్న అసంఖ్యాక కణాలలో ఏటా కొన్నైనా నశిస్తూ కనబడాలి. ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు అడ్డు రాకుండా, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారు జపాన్ శాస్త్రజ్ఞులతో కలిసి 1980 చివరలో సుమారు 2,300 మీటర్ల లోతున ఆ పరికరం నడిపారు.

కొన్ని ఆనవాళ్లు కనిపించాయని వారు ప్రకటించారు. ప్రపంచమంతా చెవులు నిక్కించింది. కాని అమెరికా, జపాన్‌లలో ఇంకా పెద్ద నీటి తొట్లు పెట్టి చూసినవారికి అది కనబడలేదు. జార్జి, గ్లాషోల సరళ సిద్ధాంతం నిలవలేదు. 2001లో కోలారు గనులే మూతపడ్డాయి. జపాన్‌లో 50,000 టన్నుల నీటితో చూసినా ప్రోటాన్ చావు ఇంతవరకు దొరకలేదు. దాని ఆయుస్సు 1 పక్కన 34 సున్నాలు దాటిందని తేలింది.

"మరి అంత శ్రమా వృథాయేనా?" అని ఒక మిత్రుడు అడిగారు. కాదంటాను. ఏ దారి కాదో తేల్చడం కూడా పనే. మనం సర్వీసులో తెరచిన ఫైళ్లన్నీ మనమే ముగించామా? సరిగ్గా రాసి పెట్టి, తరువాతి వారికి అప్పగించి వచ్చాము. వారూ అంతే చేశారు.

మీ మనవలు, మనవరాళ్లు ఈ ప్రశ్న అడిగితే "ఇంకా తేలలేదు, నువ్వు చదివి తేల్చు" అని చెప్పండి.