వాచీ చెప్పేదాకా నేను చెప్పలేదు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డాక్టరును కాను. ఇంటర్మీడియట్ చదివి సైన్యంలో చేరి, 28 ఏళ్ళ తర్వాత సుబేదారుగా రిటైరైన మామూలు మనిషిని. కనుక నాకు జరిగిందే చెబుతాను.

రిటైరయ్యాక ఇక్కడే కోల్‌కతాలో స్థిరపడ్డాను. మొదటి ఏడాది బాగానే గడిచింది. ఆ తరువాత నిద్ర తగ్గింది, ప్రతిదానికీ కోపం. మా ఆవిడ అడిగితే "ఏమీ లేదు" అనేవాణ్ణి. మా అబ్బాయి ఒక స్మార్ట్ వాచీ కొనిచ్చి, మనసు బాగోగులు చూసుకొనే యాప్ ఒకటి ఫోనులో వేసి ఇచ్చాడు.

ఆ యాప్ రోజూ పొద్దున్నే "ఈరోజు ఎలా ఉన్నారు?" అని అడిగి అయిదు బొమ్మ ముఖాలు చూపించేది. నేను రోజూ నవ్వే ముఖమే నొక్కేవాణ్ణి. ఫాలిన్‌లో "ఠీక్ హై సాబ్" అని చెప్పీ చెప్పీ వచ్చిన అలవాటు! సిక్ రిపోర్టుకు వెళ్ళి జ్వరమని చెబుతాం. మనసు బాగాలేదని ఎంతమందిమి చెప్పాము?

వాచీ దగ్గర ఈ ఆటలు సాగలేదు. దాని అడుగున పచ్చ లైటు ఉంటుంది. చర్మం కింద రక్తం పారే తీరును బట్టి అది నాడి లెక్క కడుతుంది. నాడి, చేతి కదలిక కలిపి మన నిద్రను అంచనా వేస్తుంది. నేను రోజూ రాత్రి రెండున్నరకు లేస్తున్నట్లు గీతలు గీసి చూపింది. అవి చూసి మా ఆవిడ "ఆ వేళప్పుడు లేచి ఏం చేస్తున్నారండీ?" అని అడిగింది. ఇక చెప్పక తప్పలేదు. ఒకప్పుడు పోస్టు మీద అది నేను సెంట్రీలను మార్చే వేళ. అలాంటి ఒక రాత్రి మా సెక్షన్ కుర్రవాడు నా చేతుల్లోనే పోయాడు. 20 ఏళ్ళుగా ఆమెకు కూడా ఆ మాట చెప్పలేదు.

మర్నాడు ఆమే టెలి మానస్ నంబరు 14416 కలిపి ఫోను నా చేతికిచ్చింది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సేవ ఇది. తెలుగుతో సహా 20 భాషలలో ఉంది. మన సైనికుల కోసం 2023 డిసెంబరులో పుణె ఎ.ఎఫ్.ఎం.సి.లో దీని ప్రత్యేక విభాగం కూడా తెరిచారు. నేను అలవాటు కొద్దీ హిందీలోనే మాట్లాడాను. అవతలి అమ్మాయి ఓపికగా విని డాక్టరును కలవమంది. వెళ్ళాను. ఆరు నెలలు పట్టింది గాని నిద్ర కుదుటపడింది.

ఒక్క హెచ్చరిక. మధ్యలో నాకు వాచీ పిచ్చి పట్టింది. నిద్ర మార్కులు తగ్గితే ఆ దిగులుతోనే మళ్ళీ నిద్ర పోయేది! అది చూపే 'స్ట్రెస్' అంకె చాలావరకు గుండె కొట్టుకోవడంలోని ఎడం చూసి కట్టేది. భయానికీ సంతోషానికీ దానికి తేడా తెలియదు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచి చూసినా పెరుగుతుంది. డాక్టరుగారు పొద్దున్నే అంకెలు చూడవద్దన్నారు, మానేశాను.

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకు ఇంకొక మాట. 2018లో స్ట్రావా అనే వ్యాయామం యాప్ మ్యాపులో కొన్ని దేశాల సైనిక స్థావరాల దారులు బయటపడ్డాయి. యూనిట్ ఆర్డరు చూడకుండా ఇవి వాడవద్దు.

ఈ కోల్‌కతాలోనే 1933లో గిరీంద్రశేఖర్ బోసుగారు, నేటి ఆర్.జి.కర్ కాలేజీ ఆసుపత్రిలో మనసు జబ్బులకు ఓ.పి. తెరిచారు. 90 ఏళ్ళు దాటినా మనకింకా సిగ్గు పోలేదు. సెంట్రీ అలికిడి వినిపించిందని కేకవేస్తాడు, లేచి చూడవలసింది మనం. వాచీ పని కూడా అంతే. ఇంటికి వెళ్ళాక మీ ఇంట్లోవాళ్ళు "ఎలా ఉన్నారు?" అని అడిగితే, ఒక్కసారి నిజం చెప్పండి.

జై హింద్.