దూరదేశంలో నర్సు చదువు



ఈ పూట చైనా అమ్మాయిలను గురించి మీతో నాలుగు మాటలు చెప్పాలని ఉంది. చైనా వాళ్ల గొడవ మనకెందుకమ్మా అంటారేమో! పిల్లను దూరదేశం పంపి ఫోను కోసం ఎదురుచూసే తల్లి ఏ దేశంలో ఉన్నా తల్లే గదా. నర్సింగు చదవడానికి చైనానుంచి ఎందరో అమ్మాయిలు, కొందరు అబ్బాయిలు కూడా, ఆస్ట్రేలియా, బ్రిటన్ వంటి దేశాలకు వెళుతున్నారు. అక్కడ వాళ్లు పడే అవస్థ ఏమిటో, అందులో మనం తెలుసుకోవలసినది ఏమిటో చూద్దాం.

ఇది నిన్నమొన్న మొదలైన ప్రయాణం కాదు. జోంగ్ మావ్‌ఫాంగ్ అనే ఆవిడ లండన్‌లోని గైస్ ఆస్పత్రిలో శిక్షణ పొంది 1909లో చదువు పూర్తిచేశారు. స్వదేశం తిరిగివచ్చాక 1914లో షాంఘైలో జరిగిన నర్సుల మహాసభలో, నర్సుకు చైనా భాషలో ‘హూషి’ అనే పేరును ఆవిడే సూచించారు. ‘హూ’ అంటే కాపాడడం, ‘షి’ అంటే చదువుకున్న మనిషి. రోగిని కాపాడే విదుషి అన్నమాట! ఈనాటికీ అక్కడ నర్సుకు అదే పేరు.

మరి ఇప్పటి పిల్లల సంగతి? ఆస్ట్రేలియానే తీసుకోండి. అక్కడ నర్సుగా నమోదు కావాలంటే, ఐఎల్ట్స్ అనే ఇంగ్లీషు పరీక్షద్వారా వెళ్లేవారికి వినడం, చదవడం, మాట్లాడడం, ఈ మూడింటిలోనూ 9కి కనీసం 7 రావాలి. చదువుకాలంలో 800 గంటలకు తగ్గకుండా ఆస్పత్రుల్లో పనిచేసి నేర్చుకోవాలి. దానికి జీతం ఉండదు. చేతిఖర్చులకని వృద్ధాశ్రమాల్లో పనికి కుదిరేవారూ ఉన్నారు. ఆ సంపాదనకూ హద్దుంది. 2023 జూలైనుంచి, కాలేజీ నడిచే రోజుల్లో రెండువారాలకు 48 గంటలు మించి పనిచేయకూడదు.

ఇంతా చేసి, పరీక్ష గట్టెక్కించిన ఇంగ్లీషు వార్డులోకి వెళ్లేసరికి చాలదు. పొద్దున్నే ఒక ముసలాయన “ఐయామ్ క్రూక్” అన్నాడనుకోండి. ఈ పిల్ల చదివిన పుస్తకాల ప్రకారం ‘క్రూక్’ అంటే మోసగాడు. నేను మోసగాణ్ణి అని ఈ తాతగారు నాతో ఎందుకు చెబుతున్నట్టు అని ఆమె తెల్లబోతుంది. అక్కడివాళ్ల వాడుకలో ఆ మాటకు ఒంట్లో బాగాలేదని అర్థం! ఇది నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గాని, నొప్పి ఎక్కడో, ఎలా ఉందో రోగి తన యాసలో చెబుతుంటే అర్థం కాకపోవడం నవ్వులాట కాదు.

రెండో చిక్కు పనిలోనే ఉంది. చైనా ఆస్పత్రుల్లో రోగికి ఒళ్లు తుడవడం, అన్నం తినిపించడం చాలావరకు ఇంటివాళ్లో, డబ్బిచ్చి కుదుర్చుకున్న ఆయాలో చూసుకుంటారు. మన ఊళ్లలోనూ అంతే కదూ! ఆస్ట్రేలియాలో అవన్నీ నర్సింగు పనిలో భాగమే. పందొమ్మిదేళ్ల పిల్ల ఊరూపేరూ తెలియని పెద్దమనిషికి స్నానం చేయించాలి. ఇంటికి ఫోనుచేసి ఈమాట చెబితే, ఇంత ఖర్చుపెట్టి పంపింది ఇందుకా అని తండ్రి నొచ్చుకుంటాడేమోనని భయం. ఒళ్లు కడిగేటప్పుడే వీపుమీద పుండు లేస్తున్నదో లేదో, ఊపిరి బరువుగా ఉందో లేదో తెలుస్తుందని, అదీ చదువేనని ఆ పిల్లకు బోధపడడానికి కొన్నాళ్లు పడుతుంది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు మౌనం. పెద్దవాళ్లు చెబుతుంటే ఎదురు ప్రశ్న వేయకూడదని చిన్నప్పటినుంచీ నేర్చుకున్న పిల్లలు వీళ్లు. మనమూ అలాగే పెంచుతాం. ఆస్ట్రేలియాలో ప్రొఫెసరుగారిని పేరుపెట్టి పిలవమంటే వీళ్లకు నోరు పెగలదు. సీనియర్ నర్సు గబగబా ఏదో చెబితే తల ఊపుతారు. వీళ్ల లెక్కలో ఆ ఊపుకు “వింటున్నానండీ” అని అర్థం. అవతలివారు “అర్థమైంది” అనుకుంటారు. ఆ రెంటికీ నడుమ రోగి ప్రాణం ఉంది! మందు ఎంత ఇవ్వాలో సరిగా వినపడక తల ఊపితే ఏమౌతుందో మీరే ఆలోచించండి. అందుకే మంచి శిక్షకులు మొదటిరోజే చెబుతారు, “మళ్లీ ఒకసారి చెప్పండి” అని అడిగిన విద్యార్థినిని ఎవరూ తక్కువగా చూడరని. ఆ ఒక్క వాక్యం గొంతు దాటి రావడానికి కొందరికి నెలలు పడుతుంది. ఈలోగా వీళ్లకు ఏమీ రాదని, చొరవ లేదని శిక్షణ నివేదికలో రాసేవారూ ఉంటారు.

ఇంటికి ఫోను చేసినప్పుడూ ఇదే మౌనం. ఇంటికి సంతోషం కబురే చెప్పాలి, దిగులు కబురు చెప్పకూడదని చైనాలో ఒక నానుడి ఉంది. అక్కడ ఒక్కరే బిడ్డ అన్న నియమం 2015 చివరిదాకా నడిచింది. అందుచేత ఈ పిల్లల్లో చాలామంది ఒంటిబిడ్డలు. ఉన్నదంతా వాళ్లమీద పెట్టిన అమ్మానాన్నలకు, “ఇవాళ వార్డులో ఏడ్చాను” అని ఎలా చెబుతారు? తల్లి “తిన్నావా?” అంటుంది, కూతురు “తిన్నాను” అంటుంది. ఫోను పెట్టేశాక ఆ పిల్ల ఒక్కతే కూర్చుని చల్లారిన గంజి తాగుతుంది.

వీళ్లకు ఎప్పుడూ కష్టమేనా అంటే కాదు. సిడ్నీ, మెల్‌బోర్న్ నగరాల్లో ఏనాడో వచ్చి స్థిరపడిన చైనా వృద్ధులు చాలామంది ఉన్నారు. మతిమరుపు జబ్బు ముదిరితే, తర్వాత నేర్చుకున్న ఇంగ్లీషు జారిపోయి తల్లిభాషే మిగలడం కద్దు. అటువంటి ముసలమ్మ చల్లని నీళ్ల గ్లాసు తోసేస్తుంటే ఎందుకో మిగతావాళ్లకు అంతుపట్టదు. ఈ పిల్ల దగ్గరకు వెళ్లి “నైనై, వేడినీళ్లు తాగుతావా?” అని తమ భాషలో అడుగుతుంది. నైనై అంటే నాయనమ్మ. చైనావారికి తాగడానికి వేడినీళ్లే అలవాటు. ఆ గదిలో ఆ పూట అందరికన్నా తెలిసిన నర్సు ఆ పిల్లే! ఇంటిదగ్గర పెద్దవాళ్లనుంచి నేర్చుకున్నది పరాయిదేశంలో అక్కరకు వచ్చింది.

అమ్మలారా, మన పిల్లలు కూడా చదువులకు దూరదేశాలు వెళుతున్నారు. ఈసారి ఫోను వచ్చినప్పుడు “తిన్నావా?” అని అడగండి, తప్పదు. దానితోపాటు “ఈ వారం నీకు కష్టమైన పని ఏమిటమ్మా?” అని కూడా అడగండి. చెబితే మధ్యలో సలహా ఇవ్వకుండా వినండి. అమ్మదగ్గర “నాకు తెలియలేదు” అనడానికి జంకని పిల్ల, రేపు రోగి మంచం దగ్గరా జంకదు.