ఉచ్చు వైరు మనకొద్దు



వెనకటి ఉచ్చు నారతో పేనినది. వానకు నానేది, ఎండకు పెళుసయ్యేది. బలమున్న జంతువు తెంచుకుని పోయేది. ఇప్పుడు దొరికే బండి క్లచ్ వైరు అలా కాదు. ఉక్కు పోగులు మెలివేసిన తీగ అది. జంతువు గింజుకునే కొద్దీ బిగుస్తుంది. పెట్టినవాడు మరిచిపోయినా నెలల తరబడి అక్కడే ఉంటుంది. పందికని పెడితే చిరుత పడుతుంది, ఎలుగు పడుతుంది, మన మేకా పడుతుంది.

మందలో గొర్రెను తోడేలు ఎత్తుకుపోతే కడుపు మండుతుంది, నిజమే. కానీ 1972 వన్యప్రాణి చట్టంలో తోడేలు మొదటి షెడ్యూల్‌లో ఉంది. చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. 2006 అటవీ హక్కుల చట్టం మనకు భూమి మీద, అటవీ ఫలసాయం మీద హక్కు ఇచ్చింది. వేటను, ఉచ్చును మాత్రం అందులోంచి తీసేసింది. మాంసం కొన్నవాడు పట్నంలో ఉంటాడు. ముందు పట్టుబడేది మన పిల్లవాడే.

అందుకే చెబుతున్నాం. రాత్రి మందను ముళ్లకంచె దొడ్డిలో తోలండి, కుక్కల్ని కాపలా ఉంచండి. గొర్రె చస్తే కళేబరాన్ని కదపకుండా ఫొటో తీసి, వెంటనే బీట్ ఆఫీసరుకు చెప్పి పంచనామా రాయించుకోండి. నష్టపరిహారం అడగడానికి అదే ఆధారం. ఉచ్చు కనిపిస్తే కబురు పెట్టండి. అందులో జంతువు పడి ఉంటే దగ్గరికి పోవద్దు.

నల్లమల పులుల అభయారణ్యాల్లో మన చెంచు యువకులు అడవికి కాపలాదారులుగా పనిచేస్తున్నారు. అడుగుజాడ చూసి జంతువును చెప్పే విద్య మనది. ఆ విద్యతోనే బతుకుదాం.