వేంపల్లె రాయి, వేముల నీరు



పిల్లల్ని పెన్నా ఒడ్డున కూర్చోబెట్టి భూగోళం చెప్పిన మాస్టారి పేరిట ఈ ప్రొద్దుటూరులో మాట్లాడమన్నారు. అందుకే మన కాళ్ల కిందున్న రాతి సంగతి ఎంచుకున్నాను.

భారత భూగర్భ సర్వే 1851లో పుట్టింది. ఆ సంస్థలో పనిచేసిన విలియం కింగ్ కడప, కర్నూలు రాతిపొరలను గుర్తించి రాసిన గ్రంథం 1872లో అచ్చయింది. వేంపల్లె, తాడిపత్రి, పులివెందుల పేర్లు శాస్త్రంలో రాతిపొరల పేర్లుగా నిలిచాయి. చాలాకాలం ఆ పొరల్లో వెతికింది రాతినారనూ ముగ్గురాయినీ. జమ్మలమడుగు వైపు నాపరాయి ఇళ్లకు పరుపయింది, తర్వాత సిమెంటయింది.

1972లో సర్వేలోని భూగర్భజల విభాగాన్ని కేంద్ర భూగర్భజల మండలిలో కలిపారు. నీళ్లు కొలిచే పనికి సొంత సంస్థ ఉండటం మంచిదే. కానీ మన దగ్గర ఆ రోజుతో రాయి ఒక ఆఫీసుకు, రాతి పగుళ్లలోని నీళ్లు మరో ఆఫీసుకు పోయాయి. యురేనియం అప్పటికే అణు ఖనిజ సంస్థ చేతిలో ఉంది.

ఆ యురేనియం వేముల మండలం తుమ్మలపల్లెలో, వేంపల్లె పొరలోని సున్నపు జాతి రాతిలో దొరికింది. ఖనిజం పలచన. రాయి ఆమ్లాన్ని తినేస్తుంది గనక క్షారంతో, వేడిలో, ఒత్తిడిలో కరిగించి తీయాలి. అది మన శాస్త్రజ్ఞులు సాధించిన పని, గర్వించదగ్గదే. గనికీ శుద్ధి కర్మాగారానికీ 2007లో శంకుస్థాపన జరిగింది. తర్వాతి ఏళ్లలో ఆ కర్మాగారపు వ్యర్థాల చెరువు చుట్టుపక్కల రైతులు బోరునీళ్లు చెడ్డాయని, అరటితోటలు మాడాయని మొరపెట్టుకున్నారు. 2018లో కాలుష్య నియంత్రణ మండలి కూడా గనికి నోటీసిచ్చింది. నన్ను కలవరపెట్టేది ఇక్కడే. చెరువు తవ్వకముందు ఏ బోరులో ఎంత యురేనియం ఉండేదో రైతు చేతిలో కాగితం లేదు. యురేనియం రాతిలో నిలిచిన నీటిలో సహజంగానే కొంత ఉండొచ్చు. ముందటి కొలత లేకుండా ఎంత సహజం, ఎంత గని పాపం అన్నది రైతు ఎలా నిరూపించాలి?

సున్నపురాయి మనకింకో పాఠం చెప్పింది. వాననీరు దాన్ని కరిగించి లోపల గుహలు చేస్తుంది, బెలుం గుహలు అలా ఏర్పడినవే. కరువులో బోర్లతో నీరు తోడేస్తే గుహ కప్పుకు కింద ఆనిక పోతుంది. ఆపైన పెద్ద వాన పడితే పైమట్టి నాని, బరువెక్కి కూలుతుంది. 2015 చివరి వానల తర్వాత చింతకొమ్మదిన్నె మండలంలో నేల గుంతలుగా కుంగడం చూశాం. నీటి కాలువ కోసం అవుకు దగ్గర సొరంగం తవ్వేటప్పుడూ బలహీనమైన పొర తగిలి పని ఏళ్ల తరబడి నిలిచింది. గండికోటకు కృష్ణనీరు వచ్చేది ఆ దారినే, అక్కణ్నుంచి ఎత్తిపోతలతో చిత్రావతి జలాశయానికీ, పులివెందుల చీనీతోటలకూ.

ఇంధనం, నీరు, ప్రమాదం మూడూ మన నేల రాళ్లలోనే ఉంటే, కొలతలు మాత్రం మూడు బీరువాల్లో ఉన్నాయి. ప్రతి గ్రామ సచివాలయంలో ఒక తెలుగు పటం పెట్టాలని నా కోరిక. బోర్ల లోతు, వేసవి నీటిమట్టం, వానల తర్వాతి మట్టం, నీటిలో యురేనియం ఎంత, సున్నపురాతిలో గుహలున్న చోట్లు, అన్నీ అందులో ఉండాలి. ఏడాదికి రెండుసార్లు కొలిచి రాయాలి. ఆ పని వేముల మండలం నుంచే మొదలుపెట్టమని భూగర్భ శాఖల అధికారులను ఈ వేదిక మీద నుంచి అడుగుతున్నాను.