అడవి ఎరిగినవారి సాక్ష్యం

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బొమ్మిడి స్టేషనులో రైలు దిగినవారి చూపు ముందుగా కొండల మీద పడుతుంది. ఒక వైపు సేర్వరాయన్ కొండలు, మరొక వైపు సిత్తేరి కొండలు. వాటిపై తరతరాలుగా నివసిస్తున్న వారిని మలయాళీలు అంటారు. ఆ పేరు విని కేరళీయులని భ్రమపడేవారు ఇప్పటికీ ఉన్నారు. వారి మాట తమిళమే. ‘మలై’ అనగా కొండ, కొండను నమ్ముకున్నవారు గనుక వారికా పేరు. సామలు విత్తవలసిన అదను, తేనె తీయదగిన వేళ, ఏ వాగు ఏ నెల దాకా పారుతుందన్న సంగతి ఆ ఇళ్ళలో పిల్లలకు అక్షరాలకంటె ముందే పట్టుబడతాయి. జీవావరణ శాస్త్రమనే పేరుతో కళాశాలల్లో బోధించే విద్యకు, ఈ ఎరుకకు మధ్య ఉన్న దూరమెంత, అది ఎక్కడెక్కడ తగ్గినది, తగ్గనిచోట ఏమి నష్టం వాటిల్లినది అన్నదే నేటి ప్రసంగ విషయం.

కొండవాసుల మాట అటుంచి, తెలుగు రైతు ఇంటినుండే మొదలుపెట్టవచ్చు. తొలకరి పడిన రెండు మూడు రోజులకు తడి నేలపై ఎర్రని మఖమలు ముక్కలవలె కదలాడే ఆరుద్ర పురుగును చూడని పల్లెటూరి బిడ్డ ఉండదు. శాస్త్ర దృష్టిలో అది పురుగు కాదు. ఎనిమిది కాళ్ళ జీవి, సాలెపురుగుకు దాయాది. ఏడాదిలో ఎక్కువ కాలం నేలలో దాగి ఉండి, మంచి వాన పడినప్పుడు కొద్ది రోజులు మాత్రమే పైకి వస్తుంది, చెదలు వంటి చిన్న ప్రాణులను తింటుంది. రైతు దానికి కార్తె పేరు పెట్టి, సూర్యగతినీ, వాననూ, ఒక ప్రాణి జీవితచక్రాన్నీ ఒకే మాటలో ముడివేశాడు. అయితే కార్తె తేదీ ఏటా ఇంచుమించు మారదు, వాన మారుతుంది. వాన ఆలస్యమైన ఏడు పురుగూ ఆలస్యంగానే వస్తుంది. తెలివైన రైతు అటువంటప్పుడు పంచాంగాన్ని పక్కనబెట్టి పురుగును చూసి నేల తడిని అంచనా వేస్తాడు. పైగా, పూర్వీకులు తెలుగునేల నుండి మోసుకువచ్చిన కార్తెల లెక్క ధర్మపురి వానలకు పూర్తిగా ఒదగదు. ఇక్కడ నైరుతితోపాటు ఈశాన్య ఋతుపవనమూ వాననిస్తుంది. ఒక చోటి ఎరుక ఆ చోటిదే. దానిని మరొక చోట వాడేముందు పరీక్షించుకోవలసినదే.

ఈ పరీక్షకు ఇరుళులు నిలిచిన తీరు లోకం చూసినది. తెలుగునేల మీద యానాదుల వలె తమిళనాట ఇరుళులు పాములను, ఎలుకలను పట్టుటలో ఆరితేరినవారు. ఒకప్పుడు వారి విద్యకు గిరాకీ పాము తోళ్ళ వర్తకులవద్ద ఉండేది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత ఆ వ్యాపారం మూతపడినది, వారి జీవనమూ దానితో మూతపడబోయినది. సర్పశాస్త్రజ్ఞుడు రోములస్ విటేకర్ ప్రోత్సాహంతో 1978లో వారే ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి వంటి వాటిని పట్టడం, విషం తీయడం, కొద్ది వారాల తరువాత వాటిని మళ్ళీ అడవిలో విడిచిపెట్టడం ఆ సంఘం పని. పాముకాటుకు ఇచ్చే మందు తయారీకి ఆ విషమే ముడిసరుకు. ఏ పొలంగట్టున పాముకాటు తిన్నవాడైనా ఆసుపత్రిలో ప్రాణం దక్కించుకుంటే, ఆ మందు వెనుక తన పేరు ఎన్నడూ వినని ఒక ఇరుళుని చేతి పనితనం ఉండి ఉండవచ్చు.

అమెరికాలోని ఫ్లోరిడా చిత్తడి అడవుల్లో, ఆసియానుండి పెంపుడు జంతువులుగా వచ్చి తప్పించుకున్న బర్మా కొండచిలువలు విచ్చలవిడిగా పెరిగి అక్కడి ప్రాణులను మింగివేయసాగాయి. 2016లో అక్కడ పోటీ పెట్టి వేయిమందికి పైగా వేటగాండ్రను దింపితే నెల రోజుల్లో 106 కొండచిలువలు చిక్కాయి. 2017 జనవరిలో అక్కడి ప్రభుత్వ వన్యప్రాణి విభాగం, ఫ్లోరిడా విశ్వవిద్యాలయం కలిసి మాసి సడయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరు ఇరుళులను రప్పించాయి. వారు మొదటి ఎనిమిది రోజుల్లో 13 కొండచిలువలను పట్టారు. వాటిలో ఒకటి పదహారడుగుల ఆడది. ఆ దేశం వారికి కొత్త, ఆ పాము అంతకంటె కొత్త. కాని గడ్డి ఒరిగిన తీరు, విడిచిన కుబుసం, రెట్ట, ఎండ కాచుకొనే చోటు, వీటిని చదవడం వారికి కొత్త కాదు. 2023లో భారత ప్రభుత్వం వారిరువురికీ పద్మశ్రీ ప్రదానం చేసినది. చాలా ఆలస్యంగా వచ్చిన గౌరవమే గాని, రావలసినది వచ్చినది.

ఇరుళుల విషయంలో శాస్త్రం అడిగినది చేతి నైపుణ్యం. అంతకంటె కష్టమైనది మరొకటి ఉన్నది: అడవి ఎందుకు ఇట్లున్నదన్న ప్రశ్నకు అడవివాసి ఇచ్చే వివరణను సిద్ధాంతంగా స్వీకరించి పరీక్షించడం. దానికి నిదర్శనం కావేరికి ఆవల, కర్ణాటకలోని చామరాజనగర జిల్లా బిళిగిరి రంగన కొండల్లో కనబడుతుంది. అక్కడి సోలిగలు పూర్వం ప్రతి ఏటా వేసవి ముదరకముందే, నేల ఇంకా కొంచెం చెమ్మగా ఉన్నప్పుడు, రాలిన ఆకులకు నిప్పు పెట్టేవారు. దానిని ‘తరగు బెంకి’ అంటారు. ఆకుచెత్త నిప్పు అని అర్థం. మోకాలెత్తు దాటని ఆ మంట చెత్తను కాల్చి, చెట్టును తాకక చల్లారిపోయేది. 1974లో ఆ కొండలు వన్యప్రాణి అభయారణ్యమయ్యాయి. పోడు ఆగినది, నిప్పూ ఆగినది. అడవికి నిప్పు పెట్టేవాడు అడవికి శత్రువన్నది నాటి అటవీ శాస్త్రం నేర్పిన పాఠం. ఆ పాఠం చెప్పినవారిని తప్పుపట్టనక్కరలేదు, వారు చూసినవి నడివేసవి కార్చిచ్చులు.

తరువాత లాంటానా వచ్చిపడినది. రంగురంగుల పూలగుత్తులతో ముచ్చటగా ఉండే ఈ అమెరికా పొద, తమిళంలో ఉణ్ణిచ్చెడి, సేర్వరాయన్ దారుల్లోనూ అందరికీ పరిచితమే. తోటల అందానికని ఆంగ్లేయులు 19వ శతాబ్ది ఆరంభంలో తెచ్చిన మొక్క అది. బిళిగిరి కొండల్లో బెంగళూరులోని ఏట్రీ సంస్థ పరిశోధకులు గుర్తులు పెట్టుకొన్న స్థలాల్లో 1997లో లెక్కించినప్పుడు పదింట నాలుగు చోట్ల లాంటానా కనిపించినది. 2008లో మళ్ళీ లెక్కిస్తే పదింట ఎనిమిది చోట్ల. గడ్డి తగ్గినది, ఉసిరి మొలకలు తగ్గాయి, పెద్ద ఉసిరి చెట్లను బదనిక పట్టి పీల్చసాగినది. ఉసిరికాయ అమ్మకంపై బ్రతికే సోలిగ ఇంటికి ఇది కూటి ప్రశ్న.

కారణమేమిటి? 2005లో అంకిలా హిరేమఠ్, భరత్ సుందరం అనే శాస్త్రజ్ఞులు ఒక ఊహను ప్రకటించారు: నిప్పు లాంటానాను పెంచుతుంది, పెరిగిన లాంటానా మరింత నిప్పును పిలుస్తుంది, ఇదొక చక్రమని. సోలిగ వృద్ధులు చెప్పినది దీనికి ఎదురుగా ఉన్నది. ఏటా పెట్టే చిన్న నిప్పు లాంటానా మొలకను, బదనికను అదుపులో ఉంచేదని, నిప్పు మానిన తరువాతనే అవి చెలరేగాయని వారి వాదం. ఇక్కడ మెచ్చుకోదగిన సంగతి, ఆ శాస్త్రజ్ఞులే సోలిగల వద్ద కూర్చొని, వారి మాట వ్రాసుకొని, తమ కొలతలతో పోల్చి 2012లో ఆ వివరణను శాస్త్ర పత్రికలో అచ్చువేయించడం. తన ఊహకు ప్రతికూలమైన సాక్ష్యాన్ని తానే వెలికితీసేవాడే నిజమైన విజ్ఞాని. సోలిగ కుటుంబంలో పుట్టిన సి. మాదేగౌడ అదే సంస్థలో పరిశోధకుడై వ్యాసకర్తగా నిలిచారు. 2011లో అటవీ హక్కుల చట్టం క్రింద సోలిగ గ్రామసభలకు సామూహిక హక్కులు లభించాయి. పులుల సంరక్షణ కేంద్రం లోపల అట్టి హక్కు పొందిన తొలి గిరిజనులు వారే.

అయినంతమాత్రాన పాత నిప్పు నేడు పెట్టగలరా? మనిషెత్తు లాంటానా నిండిన చోట అగ్గిపుల్ల గీస్తే అది తరగు బెంకి కాదు, చితి. ముప్పయి నలభై ఏళ్ళ పాటు వినకపోవడం వలన జరిగిన నష్టం ఇది: మాట నిజమని తేలే వేళకు, ఆ మాటను ఆచరించడానికి అనువైన అడవి మిగలలేదు.

గిరిజనుడు చేసినదంతా ఒప్పేనని చెప్పడం మరొక విధమైన అన్యాయం, అది అతనిని ఆలోచించే మనిషిగా గాక బొమ్మగా చూడడం. ఆంధ్రదేశపు కొండల్లో తపసి బంక తీసేవారు చెట్టు మానును గొడ్డలితో లోతుగా నరికేవారు. ఎక్కువ బంక కోసం నరికిన చెట్లు ఎన్నో ఎండిపోయాయి. ఆ బంకను కొనే గిరిజన సహకార సంస్థ, ఆపైన 1994లో విశాఖపట్నంలో ఏర్పడిన కోవెల్ ఫౌండేషన్, లోతు తక్కువగా, ఎడమెడముగా గాట్లు పెట్టే పద్ధతిని సేకరించేవారితో కలిసి అడవిలోనే అభ్యాసం చేయించాయి. చెట్టు బ్రతికినది, బంక శుభ్రమై ధరా పెరిగినది. బిళిగిరిలో కొండవాసి నేర్పాడు, ఇక్కడ నేర్చుకున్నాడు.

ఇట్లు ఇచ్చిపుచ్చుకోవాలంటే ముందు భయం పోవాలి. 1992 జూన్ 20న, ఇక్కడికి దూరం కాని సిత్తేరి కొండల పాదాన వాచాత్తి గ్రామంలో, గంధపుచెక్కల దొంగరవాణా నెపంతో అటవీ, పోలీసు, రెవిన్యూ సిబ్బంది మలయాళీ కుటుంబాలపైనా, స్త్రీలపైనా చేసిన ఘోరం ఈ జిల్లా మరువరానిది. 2011లో ధర్మపురి న్యాయస్థానం బ్రతికి ఉన్న నిందితులు 215 మందినీ దోషులన్నది. 2023లో మద్రాసు హైకోర్టు ఆ తీర్పును స్థిరపరచినది. న్యాయం జరగడానికి ముప్పది ఏండ్లు పట్టిన చోట, గంధపు చెట్టు ఎక్కడ మొలుస్తుందో, ఎందుకు ఎండుతుందో నోరు విప్పి చెప్పమని ఒక వృద్ధుని అడిగితే అతడు అడిగినవారి చొక్కా రంగు ముందు చూస్తాడు.

ప్రతిఫలం మాట కూడా ఉన్నది. 1987లో కేరళ అడవుల్లో దారి చూపుటకు వచ్చిన కాణి యువకులు అలసట తీర్చే ఆరోగ్యపచ్చ కాయలను శాస్త్రజ్ఞులకు రుచి చూపారు. దాని నుండి మందు తయారై 1995లో పది లక్షల రూపాయలకు ఒక ఔషధ సంస్థకు తయారీ హక్కు ఇచ్చినప్పుడు, ఆ రాబడిలో సగం కాణులకు దక్కేటట్లు ఏర్పాటైనది. లోపాలు లేని ఏర్పాటు కాదు గాని, అంతకుముందు ఆ ఆలోచనైనా లేదు.

2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకి ఒక జీవవైవిధ్య సంఘం, అది తయారుచేసే ప్రజా జీవవైవిధ్య పుస్తకం ఉండాలి. చెట్టూ చేమా, గింజా గడ్డీ, పశువూ పక్షీ, వాటి వాడుకా అందులోకి ఎక్కాలి. కాగితంపై నిండిన పుస్తకాలు దేశంలో చాలా ఉన్నాయి. ఎవరినీ అడగకుండా నిండినవీ ఉన్నాయి. ఈ బడి పిల్లలకు మాత్రం ఒక వసతి ఉన్నది. ఇంట్లో తంగేడు, వీధిలో ఆవారం. ఇంట్లో ఉసిరి, అంగడిలో నెల్లి. ఇంట్లో తుమ్మి, పక్కింట్లో తుంబై. రెండు భాషల్లో పేర్లెరిగిన బిడ్డ తాతను, పొరుగింటి అవ్వను, కొండ దిగి సంతకు వచ్చినవారిని వారి వారి మాటల్లోనే అడగగలదు. వ్యవసాయ, అటవీ, వైద్య శాఖల్లో పనిచేసిన పూర్వవిద్యార్థులు శాస్త్రీయ నామం చెప్పగలరు.

రాబోయే వేసవి సెలవులకు పై తరగతుల పిల్లలకు ఇచ్చే నోటుపుస్తకంలో అయిదు గడులు గీస్తే చాలు. తెలుగు పేరు, తమిళ పేరు, చూసిన చోటూ తేదీ, విన్న సంగతి. అయిదవ గడిలో ఆ సంగతి చెప్పినవారి పేరు. వ్రాసుకొనవచ్చునా అని అడిగి, వారు సరేనన్న తరువాతనే.